విద్యార్థులపై ఆన్‌లైన్ లైంగిక వేధింపులు: జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేసే విధానం

విద్యార్థి ఫొటోను మార్ఫింగ్ చేసి పంచుతున్నారని, లేదా ఆన్‌లైన్‌లో పరిచయమైన వ్యక్తి అసభ్య చిత్రాలు పంపమని బెదిరిస్తున్నాడని తెలిసినప్పుడు, కేంద్ర హోం మంత్రిత్వ శాఖ నిర్వహించే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. మహిళలు, పిల్లలపై జరిగే నేరాలకు అందులో ప్రత్యేక విభాగం ఉంది. రుసుమేమీ లేదు. బిడ్డకు తక్షణ ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం ఫారం నింపుతూ కూర్చోకుండా ముందు 112కు గాని, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు గాని ఫోన్ చేయాలి. బెదిరింపుకు లొంగి డబ్బు కూడా పంపి ఉంటే ఆ సంగతిని వెంటనే సైబర్ ఆర్థిక మోసాల హెల్ప్‌లైన్ 1930కి తెలపాలి.

ఫిర్యాదు చేయడానికి తల్లిదండ్రులే కానక్కర్లేదు; విద్యార్థి, ఉపాధ్యాయుడు, విషయం తెలిసిన మరెవరైనా చేయవచ్చు. నిజానికి లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణకు చేసిన 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాల్సిందే. తెలియజేయకపోతే ఆరు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. కాబట్టి ‘బడి పరువు పోతుంది, మనలో మనం తేల్చుకుందాం’ అనే మాట ప్రధానోపాధ్యాయుల గదిలో ఎంత సహజంగా వినిపించినా, దానికి చట్టంలో చోటు లేదు.

ఫారం తెరవడానికి ముందు చేయాల్సిన పనే అన్నిటికంటే ముఖ్యమైనది. భయంతో చాటింగ్ అంతా చెరిపేయడం, ఖాతాను మూసేయడం సాధారణంగా జరిగే పొరపాట్లు. ముందుగా నిందితుడి ప్రొఫైల్ లింక్, యూజర్ ఐడీ లేదా ఫోన్ నంబర్, సందేశాలు వచ్చిన తేదీ, సమయం రాసిపెట్టుకోవాలి. తెరపై కనిపించే పేరును ఎవరైనా క్షణంలో మార్చుకోగలరు గనుక, ప్రొఫైల్ పేజీ చిరునామాను కాపీ చేసుకోవడం మేలు. బెదిరింపు సందేశాలకు తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయాలి. అయితే బిడ్డ అసభ్య చిత్రాన్ని మాత్రం ‘సాక్ష్యం’ పేరుతో తరగతి గ్రూపులోకో, తోటి ఉపాధ్యాయుడికో పంపకూడదు. ఉద్దేశం ఏదైనా అలా పంపడం ఆ చిత్రాన్ని మరొకరికి చేరవేయడమే, పంపినవారే చిక్కుల్లో పడతారు. 2020 నాటి పోక్సో నియమాలు అడుగుతున్నది ఆ చిత్రం ఏ పరికరంలో, ఏ వేదికపై (యాప్ లేదా సైట్) కనిపించింది, ఏ పరికరం నుంచి వచ్చిందని అనుమానం అన్న వివరాలే.

పోర్టల్‌లో రెండు దారులున్నాయి. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయడం మొదటిది; మొబైల్ నంబరు, ఓటీపీలతో నమోదు చేసుకుని, ఆ తర్వాత స్థితిని చూసుకునే వీలుండేది రెండోది. దారిన పోతూ ఒక అసభ్య లింకును గమనించినవారికి మొదటిది చాలు. బిడ్డ తరఫున నిలబడే తల్లిదండ్రులకు, పాఠశాలకు రెండోదే సరైనది, ఎందుకంటే దర్యాప్తు అధికారికి మళ్లీ మాట్లాడేందుకు మనిషి కావాలి.

సంఘటన వివరాలు రాసే పెట్టెలో కోపం కంటే క్రమం అవసరం. ‘ఒకడు మా అమ్మాయిని చాలా రోజులుగా వేధిస్తున్నాడు, కఠినంగా శిక్షించండి’ అని రాస్తే పోలీసుల చేతికి ఏమీ అందదు. ‘ఫలానా తేదీ రాత్రి తొమ్మిదిన్నరకు ఫలానా ఐడీ నుంచి తొలి సందేశం వచ్చింది, రెండు రోజుల తర్వాత అదే ఐడీ నుంచి ఫొటో పంపకపోతే బంధువులకు చెబుతానని బెదిరించాడు, ఆ సందేశాలు మా అమ్మాయి ఫోన్‌లో అలాగే ఉన్నాయి’ అని రాస్తే దర్యాప్తు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. బెదిరింపు మాటలను మర్యాదకు సరిదిద్దకుండా ఉన్నవి ఉన్నట్టే రాయాలి.

దాఖలు చేశాక వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ నంబరును భద్రపరచుకోవాలి. పోర్టల్ ఫిర్యాదు దానంతటదే ఎఫ్‌ఐఆర్ కాదు; అది సంబంధిత రాష్ట్ర పోలీసులకు వెళ్తుంది, కేసు నమోదు చేయాల్సింది వారే. అందువల్ల ఆ నంబరుతో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లడం మంచిది. ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపే వీల్లేదు; 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న, క్రిమినల్ కేసుల విధానాన్ని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద, నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారం నమోదు చేయాలి, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

వాంగ్మూలం కోసం బిడ్డను స్టేషన్‌కు తీసుకురమ్మంటే, ఇంట్లోనే నమోదు చేయమని కోరవచ్చు. వీలైనంతవరకు సబ్-ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి, తల్లిదండ్రుల లేదా బిడ్డ నమ్మే వ్యక్తి సమక్షంలో ఆ పని చేయాలని పోక్సో చట్టం చెబుతోంది. పోలీసులు 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు సమాచారమివ్వాలి.

లింకులు రాసుకుని ఫిర్యాదు చేశాక, ఆ చిత్రాన్ని తొలగించమని సంబంధిత వేదిక ఫిర్యాదుల అధికారిని కోరాలి. పాఠశాల జారీ చేసే సర్క్యులర్లలో గాని, తల్లిదండ్రుల సమావేశంలో గాని బిడ్డ పేరు, తరగతి, గుర్తుపట్టగల వివరాలేవీ రాకూడదు. కొత్త ఖాతా నుంచి మళ్లీ బెదిరింపు వస్తే, ఆ లింకును, సమయాన్ని పాత అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఉటంకిస్తూ దర్యాప్తు అధికారికి లిఖితపూర్వకంగా అందజేసి, రసీదు తీసుకోవాలి.