మియాటా గేరు రాడ్డు: ముందు వదులు తీయండి, తర్వాతే ఊపు తగ్గించండి

చిన్నప్పుడు తెనాలి నుంచి గుంటూరుకు ఆర్టీసీ బస్సులో డ్రైవరు పక్కన ఇంజను పెట్టె మీద కూర్చుని వెళ్లేవాణ్ణి. ఆయన గేరు మార్చినప్పుడల్లా మోకాళ్లు పక్కకు తిప్పుకోవాల్సి వచ్చేది. రాడ్డు అంత దూరం తిరిగేది. డాలస్ శివారులో 1992 నాటి మాజ్దా మియాటా కొన్న మొదటి వారంలోనే ఆ బస్సు గుర్తుకు రావడం నాకు నచ్చలేదు. 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనలో ఈ కారు తొలిసారి జనానికి కనిపించింది. మెచ్చుకున్నవాళ్లంతా గేరు గురించి ప్రత్యేకంగా చెప్పేవారు. గేర్‌బాక్సు తోక మీదే రాడ్డు నిలబడుతుంది, మధ్యలో కేబుళ్లు లేవు. మరి నా కారులో మూడో గేరు కోసం చేయి రేడియో దాకా ఎందుకు పోతున్నట్టు?

గేరు మార్చడానికి రాడ్డు తల కదిలే దూరాన్ని ఇక్కడ ఊపు అంటాను. పాత కారులో మీకు కనిపించే ఊపులో కొంత అసలు ఊపే కాదు, అరిగిపోయిన బుష్‌ల, అంటే కదిలే భాగాల మధ్య ఉండే ప్లాస్టిక్ తొడుగుల, వదులు. నేను ఆ సంగతి తెలియక ఊపు తగ్గించే రాడ్డు కిట్టు (ఇక మీదట దీన్నే పొట్టి రాడ్డు అంటాను) ముందే కొనేశాను. అదృష్టం కొద్దీ అది రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో కాస్త బుద్ధి వచ్చింది.

ముందు కొలవండి. రాడ్డు పక్కన కన్సోల్ (రెండు సీట్ల మధ్య ఉండే ప్లాస్టిక్ పెట్టె) మీద కాగితపు టేపు అంటించి, ఒకటో గేరులో తల ఎక్కడుందో, రెండో గేరులో ఎక్కడుందో పెన్సిలుతో గీయండి. వేలితో చివరిదాకా నెట్టి గీయాలి. నాకు 108 మిల్లీమీటర్లు వచ్చింది. అదే రెండో గేరులో ఉంచి, రాడ్డును ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడించి చూడండి. ఏ బరువూ తగలకుండా ఎంత కదిలితే అంత వదులు.

పని మొత్తం పైనుంచే, కారు లేపాల్సిన అవసరం లేదు. చదునైన చోట నిలిపి, చేతి బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. బాగా చల్లారనివ్వండి, సీట్ల మధ్య నేల ఉబ్బి ఉంటుందే, ఆ సొరంగం కింద నుంచే ఎగ్జాస్టు గొట్టం పోతుంది. రాడ్డు తలను అపసవ్య దిశలో తిప్పితే వచ్చేస్తుంది. దాని మర వ్యాసం 10 మిల్లీమీటర్లు, పిచ్ (మర చుట్టుల మధ్య దూరం) 1.25. కొత్త తల కొనేటప్పుడు ఈ అంకె పనికొస్తుంది. తర్వాత కన్సోల్ స్క్రూలు: ముందు రెండు పక్కలా ఉన్నవి, ఆష్‌ట్రే ఎత్తితే కనిపించేవి, చేయి ఆనించే పెట్టె లోపలివి. కన్సోల్‌ను గట్టిగా లాగేయకండి. పవర్ విండోలుంటే వాటి స్విచ్చులు దీని మీదే ఉంటాయి, కింద తీగల ప్లగ్గు విప్పాలి.

కన్సోల్ లేచాక పెద్ద రబ్బరు బూటు, అంటే రాడ్డు చుట్టూ ఉండే తొడుగు, కనిపిస్తుంది. దాని చట్రం బోల్టులు నాలుగు తీస్తే, లోపల చిన్న బూటు, దాని చుట్టూ రాడ్డును పట్టి ఉంచే మూడు బోల్టులు. ఆ చిన్న బూటే ఈ కార్లలో మొదట చిరుగుతుంది. చిరిగిందంటే కింది వేడి కన్సోల్‌లోకి కొడుతుంది, రాడ్డు కూర్చునే గిన్నెలో ఆయిలు ఆరిపోతుంది. నాది చిరగడం కాదు, వేలితో తాకితే పాత అప్పడంలా విరిగింది. టెక్సస్ ఎండలో నా కుడి కాలు ఎందుకు మాడిపోయేదో అప్పుడు అర్థమైంది. నేను ఏసీని తిట్టుకుంటూ తిరిగాను.

మూడు బోల్టులు తీసి రాడ్డును నిటారుగా పైకి లాగండి. ఇక్కడ తొందరపడకండి. రాడ్డు కింది కొసన చిన్న గుండు, దానికి నైలాన్ టోపీలాంటి బుష్ ఉంటుంది. నాకు రాడ్డు వచ్చింది కానీ టోపీ సగమే వచ్చింది. మిగిలిన సగం గిన్నె అడుగున నల్లటి బురదలో ఉంది. మందుల దుకాణంలో దొరికే పెద్ద సిరంజికి చిన్న గొట్టం తగిలించి ఆ బురదంతా లాగాను. టార్చి వేస్తే తెల్లగా గోరంత ముక్క కనిపించింది. కొస వంచిన సన్నటి తీగతో పైకి తెచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ముక్కలను బల్ల మీద జత చేసి చూసుకోండి. టోపీ పూర్తయితేనే లోపల ఏమీ మిగల్లేదని లెక్క. ఆ తర్వాత రంధ్రంలో నూలు పోగులు రాలని శుభ్రమైన గుడ్డ కుక్కి ఉంచండి. ఒక్క బోల్టు అందులో పడితే ఆదివారం పోతుంది.

ఈలోగా మా ఆవిడ గరాజు తలుపు తీసి, “ఏమండీ, కోడిగుడ్లు కుళ్లబెట్టారా ఇక్కడ?” అంది. గేరు ఆయిలులో గంధకం ఉంటుంది. ఆ వాసన చేతికి రెండు రోజులుంటుంది కాబట్టి గ్లౌజులు వేసుకోండి.

ఇప్పుడు కొత్త చిన్న బూటు, నైలాన్ టోపీ, రాడ్డు మధ్యలో ఉండే పెద్ద గుండు కింద కూర్చునే ప్లాస్టిక్ బుష్ మార్చండి. ఆ పెద్ద గుండు పైన అలలా వంగిన వాషరు ఉంటుంది, అది ఏ వైపు ఉందో విప్పేముందే ఫోటో తీసుకోండి. బూటు రాడ్డు మీదకు ఎక్కకపోతే వేడినీళ్లలో రెండు నిమిషాలు ముంచి, లోపల ఆయిలు రాసి లాగండి. ఈ సామానంతా చవకే. పాత రాడ్డుతోనే ఇవి వేసి, గిన్నెలో సుమారు 90 మిల్లీలీటర్ల 75డబ్ల్యూ-90 చిక్కదనం గల గేరు ఆయిలు పోసి బిగించి కొలిస్తే 94 మిల్లీమీటర్లు వచ్చింది. రాడ్డు పొడవు వెంట్రుక వాసి మార్చకుండా 14 మిల్లీమీటర్లు పోయాయి. గిన్నెలోని ఆయిలు వేరు, గేర్‌బాక్సు ఆయిలు వేరు. అది నిండుగా ఉందని ఇది ఉంటుందనుకోకండి. గేరు ఆయిళ్ల తరగతుల్లో నేను జీఎల్-4 రకమే వాడతాను. చాలామంది ఇక్కడితో ఆగిపోతే సంతోషంగా ఉంటారు. నేను మాత్రం కిట్టు కొనేశాను కదా, ఆగలేకపోయాను.

ఊపు నిజంగా తగ్గించడమంటే ఏతం లెక్క. రాడ్డు మధ్యలోని గుండు దగ్గర తిరుగుతుంది. లోపలి కడ్డీ జరగాల్సిన దూరం ఎప్పటికీ అంతే, అది గేర్‌బాక్సు నిర్ణయం. లెక్క తేలిక కోసం గుండుకు పైన 160, కింద 40 మిల్లీమీటర్లు అనుకుందాం. కింద ఒకటి జరగాలంటే పైన నాలుగు జరగాలి. కింది భాగాన్ని 50 చేస్తే నాలుగు కాస్తా 3.2 అవుతుంది, అంటే ఊపు 20 శాతం తగ్గింది. కానీ ఏతం ఊరికే ఇవ్వదు, చేతి బలం 25 శాతం ఎక్కువ కావాలి. పై భాగాన్ని కోసినా ఊపు తగ్గుతుంది: 160లో 16 కోస్తే 10 శాతం. కోతకు ఖర్చు లేదు కానీ మర మళ్లీ కోయించాలి, తల కిందికి దిగి చేయి వంగుతుంది. పైగా కోసిన రాడ్డు మళ్లీ పెరగదు. పాతది భద్రంగా పెట్టుకుని కిట్టు వేయడమే నా సలహా. 40 శాతం తగ్గిస్తామనే కిట్ల జోలికి నేను పోను. ఆ లెక్కన చేతి బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

కిట్టులో కింది కొస పొడవైన రాడ్డు, గుండును అంత మేరకు పైకి లేపే దిమ్మె, దానికి తగ్గ పొడవైన బోల్టులు వచ్చాయి. బూటు, వాషరు కొత్త రాడ్డుకు మార్చి, దిమ్మెకు రెండు వైపులా గాస్కెట్ వేసి, కింది టోపీ దాని గూటిలో కూర్చున్నట్టు చేతికి తెలిశాకే మూడు బోల్టులనూ వంతులవారీగా కొద్దికొద్దిగా బిగించండి. అవి అల్యూమినియంలోకి దిగేవి. మర పోతే ఏడుపే.

కన్సోల్ పెట్టకముందే పరీక్షించండి. ఇంజను ఆపి, క్లచ్ తొక్కి, అయిదు గేర్లూ రివర్సూ వేయండి. రివర్సు ఐదో గేరుకు సూటిగా వెనుక ఉంటుంది, కాబట్టి దానికే ఎక్కువ అనుమానపడండి. ప్రతి గేరులోనూ రాడ్డు చుట్టూ వేలు తిప్పి చూడండి. చట్రానికో రేకుకో ఆనుకుని ఆగిపోతే గేరు పూర్తిగా పడదు, రోడ్డు మీద యాక్సిలరేటర్ వదిలినప్పుడు బయటికి దూకుతుంది. నాది రెండో గేరులో పెద్ద బూటు మడతకు తగిలింది. బూటును పావు అంగుళం వెనక్కు లాగి బిగిస్తే సరిపోయింది. కన్సోల్ పెట్టాక ఇదంతా మళ్లీ ఒకసారి.

నా చివరి కొలత 75 మిల్లీమీటర్లు.

మీ కారు మియాటా కాకపోతే రాడ్డు జోలికి పోయేముందు రాడ్డు నుంచి గేర్‌బాక్సు దాకా దారంతా వదులు కోసం వెతకండి. పోర్షె 914, 944 లాంటి వాటిలో గేర్‌బాక్సు వెనుక ఉంటుంది, మధ్యలో పొడవాటి కడ్డీ, దాని వెంబడి బుష్‌లు. అక్కడ పొట్టి రాడ్డు వేస్తే అరిగిన బుష్‌ల వదులు ఇంకా పెద్దగా తెలుస్తుంది.

ఇండియాలో ఎడమ చేత్తో గేరు వేయడం నేర్చుకున్నవాళ్లు ఇక్కడ కుడి చేత్తో పొట్టి రాడ్డు పట్టుకుంటే మొదటి వారం మూడుకు బదులు ఒకటి దగ్గర తడుముకుంటారు. నిదానంగా వేయండి. ఊపు తగ్గినంత మాత్రాన సింక్రోనైజర్‌కు (గేరు పడేముందు వేగాలను కలిపే భాగం) కావాల్సిన సమయం తగ్గదు. ఈ కార్లలో చలి ఉదయాన రెండో గేరు మొదటి మైలు మొరాయిస్తుంది. పాత పొడవు రాడ్డుతోనూ అంతే, ఇప్పుడూ అంతే. నేను ఆ మైలంతా ఒకటి నుంచి రెండుకు వెళ్లేటప్పుడు న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగుతాను.

ఐదు వందల మైళ్లకు కన్సోల్ మళ్లీ లేపి చూశాను. మూడు బోల్టుల్లో ఒకదాని చుట్టూ తడి. పావు చుట్టు బిగించాను, మర్నాటికి ఆరింది.