భారతీయ న్యాయ పట్టాతో న్యూయార్క్ బార్ పరీక్షకు అర్హత

అమెరికాలో న్యాయవాద వృత్తికి అనుమతినిచ్చే అధికారం ఆయా రాష్ట్రాల న్యాయస్థానాలది. ఆ అనుమతి కోసం రాసేదే బార్ పరీక్ష. విదేశీ పట్టభద్రులకు దారి తెరచి ఉంచిన రాష్ట్రాల్లో న్యూయార్క్ ముఖ్యమైనది.

మొదట అక్కడి బోర్డ్ ఆఫ్ లా ఎగ్జామినర్స్‌కు మీ చదువును మదింపు చేయమని ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. న్యూయార్క్ కోర్టు నిబంధన 520.6 ప్రకారం బోర్డు మీ కోర్సు వ్యవధిని, ఆ చదువు ఇంగ్లిష్ కామన్ లా (కోర్టు తీర్పులకు ప్రాధాన్యమిచ్చే ఇంగ్లండ్ న్యాయ సంప్రదాయం) మీద ఆధారపడినదా అన్న సంగతిని పరిశీలిస్తుంది. మన న్యాయవ్యవస్థకు మూలం కామన్ లాయే కనుక, ఉస్మానియాలోనో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో తరగతులకు హాజరై మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేసినవారికి సాధారణంగా ఈ రెండూ సమస్య కావు. దూరవిద్యలో చదివినవారి పరిస్థితి మాత్రం వేరు. వ్యవధి, కామన్ లా ఆధారం అనే రెండింటిలో ఒకటే లోపిస్తే, అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న కళాశాలలో నిర్దేశిత అంశాలతో 24 క్రెడిట్ల ఎల్ఎల్ఎం (న్యాయశాస్త్రంలో మాస్టర్స్) చేసి దాన్ని సరిదిద్దుకోవచ్చు. రెండూ లోపిస్తే ఆ అవకాశం లేదు.

ఎక్కువ ఆలస్యం జరిగేది పత్రాల దగ్గరే. మార్కుల పత్రాలను విశ్వవిద్యాలయమే నేరుగా బోర్డుకు పంపాలి, మీ చేతిలోని నకళ్లు చెల్లవు. అందువల్ల పరీక్ష తేదీకి చాలా ముందుగానే విశ్వవిద్యాలయ పరీక్షల విభాగాన్ని సంప్రదించడం మంచిదని నా గట్టి సలహా.

ఫిబ్రవరిలోనూ జులైలోనూ జరిగే రెండు రోజుల యూనిఫాం బార్ పరీక్షలో 400కు 266 రావాలి. వృత్తి నైతికత పరీక్షలో 85 స్కోరు, న్యూయార్క్ చట్టంపై ఆన్‌లైన్ పరీక్షలో ఉత్తీర్ణత, 50 గంటల ఉచిత న్యాయసేవ, శీల పరిశీలన కూడా తప్పనిసరి. ఇవన్నీ పూర్తయి బార్‌లో ప్రవేశం దొరికినా, అది పని వీసా కాదు. వీసాకు విడిగా దరఖాస్తు చేసుకోవాలి.