క్యాసినోలో నైట్ డ్యూటీకి చేరుతున్నారా, జీతం ఇంటికి చేరాలంటే ఇవి చూసుకోండి

కొత్తగా డీలర్‌గా నైట్ షిఫ్ట్‌లో చేరేవాళ్ళ కోసం రాస్తున్నా. ముక్కలు పంచడం, చక్రం తిప్పడం ట్రైనింగ్‌లో వాళ్ళే నేర్పిస్తారు, దానికి భయపడక్కర్లేదు. తెల్లారగట్ల షిఫ్ట్ దిగాక జేబులో టిప్పుల డబ్బుతో ఎటు నడవాలో మాత్రం ఎవరూ నేర్పరు, ఈ పనిలో మనుషులు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

ముందు చేతుల సంగతి. టేబుల్ దగ్గరున్నంతసేపూ పైన కెమెరా మీ చేతుల్నే చూస్తుంటుంది, అందుకే టేబుల్ వదిలేటప్పుడు అరచేతులు అటూ ఇటూ తిప్పి చూపించాలి, ముఖం తుడుచుకోవాలన్నా అంతే. ఆటగాడు డబ్బిస్తే చేత్తో అందుకోవద్దు, టేబుల్ మీద పెట్టమనండి, నోట్లు కెమెరాకి కనపడేట్టు పరిచి, ఎంత ఉందో గట్టిగా చెప్పి, ఆ తర్వాతే చిప్స్, అంటే డబ్బుకి బదులు కాసే బిళ్ళలు, ఇవ్వాలి. మొదట్లో మనల్ని దొంగల్లా చూస్తున్నారే అనిపిస్తుంది కానీ ఇది మనకే రక్షణ, రాత్రి మూడింటికి ఎవరైనా నేనిచ్చింది అంత కాదు ఇంకా ఎక్కువ అని గొడవ పెట్టుకుంటే మీ తరఫున సాక్ష్యం చెప్పేది ఆ కెమెరానే.

లెక్కలు ఇంట్లోనే బట్టీ పట్టండి. రూలెట్‌లో, అంటే చక్రం ఆటలో, ఒక్క నంబర్ మీద కాసి గెలిస్తే కాసింది వెనక్కిచ్చి పైన 35 రెట్లు, రెండు నంబర్ల మధ్య గీత మీద 17, మూడింటికి 11, నాలుగింటి మూల మీద 8, ఆరింటికి 5. పదిహేడో ఎక్కం, ముప్పై అయిదో ఎక్కం 20 దాకా నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

ఇదే లెక్క ఇంకోవైపు నుంచి కూడా చూడండి. ఒక్క సున్నా ఉన్న చక్రంలో గళ్ళు 37, గెలిస్తే పైన ఇచ్చేది 35 రెట్లే, అంటే కాసిన ప్రతి 100కి సగటున 2.70 క్యాసినోదే. రెండు సున్నాలుంటే గళ్ళు 38, అప్పుడది 5.26. వినడానికి చిన్న అంకెలే, కానీ అది ఆటగాడు తెచ్చిన డబ్బు మీద ఒక్కసారి పడేది కాదు, కాసిన ప్రతి పందెం మీదా పడుతుంది, అదే చిప్స్‌ని రాత్రంతా తిప్పి తిప్పి కాస్తుంటే చివరికి చాలామందికి ఏమీ మిగలదు. ఇన్నిసార్లు నలుపు గడి వచ్చింది కాబట్టి ఇప్పుడు ఎరుపే అని మీతో రోజూ ఎవరో ఒకరు అంటారు. 1913లో మాంటే కార్లో క్యాసినోలో వరసగా 26 సార్లు నలుపే పడింది, ఈసారి ఎరుపు ఖాయం అని కాసుకుంటూ పోయినవాళ్ళు నిండా మునిగారు. చక్రానికి వెనకటిది ఏదీ గుర్తుండదు.

అర్ధరాత్రి దాటాక టేబుల్ దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది మనలాంటివాళ్ళే, క్యాబ్ నడిపి వచ్చినవాళ్ళు, వంటింట్లో పని ముగించుకున్నవాళ్ళు, సెక్యూరిటీ డ్యూటీ దిగినవాళ్ళు, ఆ టైంకి తెరిచి ఉండి కూర్చోనిచ్చే చోటు ఇదొక్కటే అని కూడా వస్తారు. వాళ్ళని చిన్నచూపు చూడొద్దు, అలాగని ఈసారి తగుల్తుందిలే అని ఆశ కూడా పెట్టొద్దు. ఎవరైనా అద్దె డబ్బులు పోయాయి అన్నా, పక్కవాళ్ళని అప్పు అడుగుతున్నా మీ సూపర్‌వైజర్‌కి మెల్లగా చెప్పండి, నన్ను లోపలికి రానివ్వొద్దు అని ఎవరికి వాళ్ళు రాసిచ్చుకునే పద్ధతి చాలా చోట్ల ఉంటుంది, అది వాళ్ళకి తెలియాలి.

ఇక మీ సంగతి. రాత్రంతా చిప్స్ సర్ది సర్ది డబ్బు విలువ చేతికి తెలియకుండా పోతుంది, పెద్ద పెద్ద మొత్తాలు ప్లాస్టిక్ బిళ్ళల్లా కదులుతుంటే మన జీతం చాలా చిన్నగా కనిపిస్తుంది. అందుకే ఏ మొత్తం చూసినా దాన్ని గంటల్లోకి మార్చుకోండి, ఇది నేను ఎన్ని గంటలు నిలబడితే వస్తుంది అని. మీరు పనిచేసే చోట మిమ్మల్ని ఆడనివ్వకపోవచ్చు, అందుకే షిఫ్ట్ దిగగానే తోటివాళ్ళు ఇంకో క్యాసినోకి పోదాం, కాసేపే అంటారు. మంచివాళ్ళే, అలసటలో అంటారు. అసలు ఆ అలసటే ప్రమాదం, నిద్ర లేనప్పుడు వద్దు అనే మాట నోటికి రాదు, కాబట్టి డ్యూటీకి వెళ్ళే ముందే ఇంటికి ఎవరితో ఎలా వెళ్ళాలో ఖాయం చేసుకోండి, టిప్పులు చేతికొచ్చిన రోజే అకౌంట్‌లో వేసేయండి.

కాఫీ షిఫ్ట్ మొదటి సగంలోనే తాగండి, తాగిన అయిదు గంటలకి కూడా సుమారు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. పడుకునే గది చీకటిగా ఉండాలి, బూట్లు మెత్తగా ఉండాలి.

ఇప్పటికే ఆడటం మొదలైందా, అయితే పైన చెప్పిన ఆ రాసిచ్చే పద్ధతి మీకూ వర్తిస్తుంది, దగ్గర్లో ఉన్న మిగతా క్యాసినోలన్నిటికీ మీ పేరు ఇచ్చేయండి, జీతం ఏ తారీఖున ఎంత పడుతుందో ఇంట్లో ఒకరికి చెప్పండి, తోటి డీలర్ల దగ్గర చేబదులు అడిగే రోజు రాకముందే.