డి ఆంజా కాలేజీలో చేరాలంటే: దరఖాస్తు విధానం, పొరపాట్లు జరిగే చోట్లు

కాలిఫోర్నియాలో క్యుపర్టినో, సన్నీవేల్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల్లో పిల్లలు పదకొండో తరగతికి రాగానే ఏదో ఒక రోజు డి ఆంజా పేరు వస్తుంది. స్టీవెన్స్ క్రీక్ బులవార్డ్ మీద, 85వ నంబరు హైవే పక్కన ఉన్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ, అంటే ఎక్కువగా రెండేళ్ల కోర్సులు నడిపే కాలేజీ ఇది. 1967లో మొదలైంది. యాపిల్ కంపెనీ 1984 జనవరిలో మొదటి మాకింటోష్‌ను జనం ముందు పెట్టింది కూడా ఈ క్యాంపస్‌లో ఒకప్పుడు నడిచిన ఫ్లింట్ సెంటర్ ఆడిటోరియంలోనే. మనవాళ్లకు మాత్రం ముందు కావలసింది ఒకటే కబురు: సీటు వస్తుందా, రాదా?

వస్తుంది. హైస్కూలు పూర్తి చేసినా, లేదా 18 ఏళ్లు నిండినా చాలు. ర్యాంకు లేదు, కటాఫ్ లేదు, ఎస్‌ఏటీ అనే ప్రవేశ పరీక్ష స్కోరు అడగరు. ఎంసెట్ కౌన్సెలింగ్ చూసిన వాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. నర్సింగ్ లాంటి ఒకటి రెండు కోర్సులకు విడిగా దరఖాస్తు, ఎంపిక ఉంటాయి. మిగతా వాటికి కాలేజీలో చేరడం తేలికే. అసలు కష్టం కావలసిన క్లాసు దొరకడం దగ్గర, తక్కువ ఫీజుకు అర్హత తేలడం దగ్గర వస్తుంది. ఈ రెండింటికీ పునాది దరఖాస్తులోనే పడుతుంది కాబట్టి, అరగంట పనే కదా అని అర్ధరాత్రి నిద్రమత్తులో నింపకండి.

దరఖాస్తు ఎక్కడ?

కాలిఫోర్నియాలోని 116 కమ్యూనిటీ కాలేజీలకూ ఒకటే ఆన్‌లైన్ దరఖాస్తు ఉంది, పేరు సీసీసీ అప్లై. కాలేజీ వెబ్‌సైట్‌లోని అప్లై లింకు నుంచే లోపలికి వెళ్లండి. ముందు ఓపెన్ సీసీసీ అనే ఖాతా తెరవాలి. దరఖాస్తుకు రుసుము లేదు. ఎక్కడైనా కార్డు నంబరు అడిగితే మీరు వేరే సైటులో ఉన్నట్టే.

ఖాతాకు ఇచ్చే ఈమెయిల్ విద్యార్థి సొంతది కావాలి. నాన్న ఈమెయిల్ వద్దు, హైస్కూలు ఇచ్చిన ఈమెయిల్ అసలే వద్దు. స్కూలు అయిపోయాక అది మూతపడితే కాలేజీ పంపే సమాచారమంతా గాల్లో కలుస్తుంది. ఇంకో మాట: అమెరికా చట్టం ప్రకారం కాలేజీ రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, వయసు 16 అయినా సరే. అమ్మ ఫోన్ చేసి మార్కులు చెప్పమంటే చెప్పరు. అలవాటు పడాల్సిందే.

పేరు దగ్గర తిప్పలు

ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతి వల్ల ఒకే మనిషికి మూడు కాగితాల్లో మూడు పేర్లు ఉంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు వీసా మీద ఎఫ్ఎన్‌యూ (సొంత పేరు తెలియదు అని అర్థం) అనే మూడక్షరాలు వచ్చి కూర్చుంటాయి. స్కూలు రికార్డులో ఇంకోలా ఉంటుంది. దరఖాస్తులో ఏ పేరు రాయాలన్నది తేల్చుకోకుండా మొదలుపెట్టవద్దు. ఇమ్మిగ్రేషన్ కాగితాల్లో ఉన్న పేరునే రాసి, స్కూలు రికార్డులో వేరే పేరు ఉంటే పాత పేరు గడిలో అది కూడా ఇవ్వడం మంచిది. పుట్టిన తేదీలో నెల ముందు, రోజు తర్వాత.

దీన్ని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఆర్థిక సాయం డబ్బులు కొట్టేయడానికి దొంగ పేర్లతో వేసే దరఖాస్తులు కాలిఫోర్నియా కాలేజీలకు పెద్ద తలనొప్పిగా మారాయి. అందుకే అనుమానం వచ్చిన వాటిని ఆపి, గుర్తింపు రుజువు అడుగుతున్నారు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే లేదని ఎంచుకునే వీలుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) పిల్లలు చాలామందికి ఉండదు, దానికి టెన్షన్ పడనక్కర్లేదు.

విద్యార్థి స్థితి అడిగే ప్రశ్న కూడా జాగ్రత్తగా చూడాలి. హైస్కూలు ముగించి ఇప్పుడే కాలేజీకి వస్తున్న పిల్లలు, స్కూల్లో ఉండగా ఒకటి రెండు కాలేజీ క్లాసులు చదివినా సరే, మొదటిసారి కాలేజీలో చేరుతున్నవాళ్ల కిందే వస్తారు. వేరే కాలేజీ నుంచి వచ్చినట్టు పెడితే కొత్త విద్యార్థులకు ఇచ్చే ఫీజు రాయితీలు చేజారే ప్రమాదం ఉంది. లైంగికత, జెండర్ గురించిన ప్రశ్నలకు చెప్పడం ఇష్టం లేదని పెట్టి ముందుకు పోవచ్చు.

రెసిడెన్సీ: డబ్బంతా ఇక్కడే

డి ఆంజా క్వార్టర్ పద్ధతిలో, అంటే దాదాపు మూడేసి నెలల విడతల్లో నడుస్తుంది. కాలిఫోర్నియా నివాసులకు యూనిట్‌కు (ఒక్కో క్లాసు ఎంత పెద్దదో కొలిచే లెక్క ఇది) 31 డాలర్లు. ఫుల్‌టైమ్ అంటే 12 యూనిట్లు, అంటే క్వార్టర్‌కు 372 డాలర్లు. ఆపైన చిన్న చిన్న ఫీజులు, పుస్తకాలు. నివాసి కాదని తేలితే ఇది ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నివాసి అనిపించుకోవాలంటే క్వార్టర్ మొదలయ్యే నాటికి ఏడాది మీద ఒక రోజు కాలిఫోర్నియాలో ఉండాలి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉందని కాగితాలు చూపాలి. నవంబరులో డాలస్ నుంచి వచ్చారనుకోండి. మరుసటి సెప్టెంబరు చివర్లో మొదలయ్యే ఫాల్ క్వార్టర్‌కు ఏడాది నిండదు. జనవరిలో వచ్చే వింటర్‌కు నిండుతుంది. అయితే ఏడాది నిండగానే ఫీజు దానంతటదే తగ్గదు, మార్చమని కాగితాలతో అడగాలి. డ్రైవింగ్ లైసెన్సు, రాష్ట్ర పన్ను రిటర్ను, అద్దె ఒప్పందం లాంటివి చూస్తారు. కాబట్టి ఊరు మారగానే లైసెన్సు మార్చుకోండి. పాత రాష్ట్రం లైసెన్సుతో ఏడాదంతా తిరిగి, స్థిరపడ్డామంటే నమ్మడం కష్టం. 18 నిండని పిల్లలకు తల్లిదండ్రుల నివాసమే లెక్క.

హెచ్-1బీ, హెచ్-4 వీసాల వాళ్లు కూడా ఈ లెక్కలో నివాసులు కావచ్చు. చాలామందికి ఇది తెలియదు. హెచ్-4లో ఉంటూ చదువుకోవడానికి ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారనక్కర్లేదు కూడా. ఇంట్లో ఉన్న గృహిణి అకౌంటింగ్ క్లాసులో చేరవచ్చు, ఆటోమోటివ్ టెక్నాలజీ షాపులో కారు విప్పడమూ నేర్చుకోవచ్చు. కానీ హెచ్-4 పిల్లలకు 21 నిండితే ఆ హోదా పోతుంది. ఎఫ్-1కు మారితే నివాసి లెక్క కూడా మారుతుంది. ఇరవయ్యో పుట్టినరోజు నాడే కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల విభాగంతోనూ, ఇమ్మిగ్రేషన్ లాయర్‌తోనూ మాట్లాడటం మొదలుపెట్టండి. ఇండియా నుంచి నేరుగా ఎఫ్-1 మీద వచ్చేవాళ్ల దరఖాస్తు దారి వేరు: బ్యాంకు పత్రాలు, ఇంగ్లీషు పరీక్ష, వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం వగైరా.

దరఖాస్తు వేశాక

ఈమెయిల్‌లో విద్యార్థి నంబరు వస్తుంది. దాంతో కాలేజీ సైటు మైపోర్టల్‌లోకి వెళ్లి ఓరియెంటేషన్, ఇంగ్లీషు, లెక్కల ప్లేస్‌మెంట్ (ఏ స్థాయి క్లాసులో చేరాలో తేల్చడం), చదువు ప్రణాళిక పూర్తి చేయాలి. ప్లేస్‌మెంట్‌కు ఇప్పుడు పరీక్ష పెట్టరు, హైస్కూలు మార్కులు చూస్తారు. ఇవి ముగించిన కొత్త విద్యార్థులకు రిజిస్ట్రేషన్ తేదీ ముందు వస్తుంది, పక్కన పెట్టినవాళ్లకు వెనక వస్తుంది. వెనకబడితే కాల్క్యులస్ ఉదయం సెక్షన్ నిండిపోయి, వెయిట్‌లిస్టులో పడిగాపులే. వెయిట్‌లిస్టులో ఉన్నా మొదటి రోజు క్లాసుకు హాజరు కావాలి. మొదటి క్లాసుకు రాని విద్యార్థిని టీచరు తీసేయవచ్చు, ఆ ఖాళీ మీకు రావచ్చు.

అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అయితే కేంద్ర ఆర్థిక సాయం దరఖాస్తు ఫాఫ్సా నింపండి. రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంట్‌కు మామూలుగా మార్చి 2 గడువు. ఆదాయం తక్కువగా ఉన్న నివాసులకు కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ కింద యూనిట్ల ఫీజు మాఫీ అవుతుంది.

హైస్కూల్లో ఉండగానే చేరే పిల్లలకు యూనిట్ల ఫీజు ఉండదు, తల్లిదండ్రులు, స్కూలు సంతకం చేసిన అనుమతి పత్రం కావాలి. రిజిస్ట్రేషన్‌లో వీళ్లది చివరి వరస. ఉచితం కదా అని నాలుగు క్లాసులు నెత్తిన వేయకండి. అక్కడ వచ్చిన సి గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉంటుంది, నాలుగేళ్ల తర్వాత కూడా యూనివర్సిటీ చూస్తుంది.

ఇక్కడి నుంచి యూనివర్సిటీకి

ఎక్కువమంది మనవాళ్లు డి ఆంజాను ఎంచుకునేది రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారడానికే. టాగ్ అనే హామీ పథకం కింద యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) వాళ్ల డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లలో ఒకదానికి, నిర్ణీత మార్కులు, కోర్సులు ఉంటే సీటు ఖాయం చేసుకోవచ్చు. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియేగో ఇందులో లేవు. ఉన్న ఆరింటిలోనూ అన్ని కోర్సులకూ వర్తించదు. శాంటా బార్బరాలో ఇంజనీరింగ్‌కు లేదు. టాగ్ దరఖాస్తు సెప్టెంబరు నెలలోనే వేయాలి, అసలు యూసీ దరఖాస్తు ఆ తర్వాత అక్టోబరు, నవంబరుల్లో. టాగ్ వేసి రెండోది మరిస్తే హామీ పోయినట్టే.

ఏ క్లాసు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో క్యాంపస్ వారీగా, కోర్సు వారీగా ఉంటుంది. మొదటి క్వార్టర్ క్లాసులు ఎంచుకోకముందే దాన్ని తెరిచి, ఆ పేజీ ప్రింటు తీసుకుని కౌన్సెలర్ దగ్గరకు వెళ్లండి.