ఈయూ పొరుగు దేశాల మీద పీజీ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

2022 ఫిబ్రవరి, మార్చిలో ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న మన తెలుగు పిల్లలు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ పోలండ్, రుమేనియా సరిహద్దుల దగ్గర చలిలో గంటల తరబడి నిలబడ్డ వీడియోలు గుర్తున్నాయా? ఆ గేటుకి అటువైపు యూరోపియన్ యూనియన్ (ఈయూ), ఇటువైపు దాని పొరుగు దేశం. ఆ గేటు ఎవరికి తెరుస్తారు, ఏ షరతు మీద తెరుస్తారు, ఎవరిని ఎన్నేళ్లు బయట ఉంచుతారు అన్నదే ఈ సబ్జెక్టు. దీని మీద పీజీ చేద్దామనుకుంటున్నవాళ్లు నేను చేసిన పొరపాట్లు చేయకూడదని ఇది రాస్తున్నాను.

ముందు కాస్త నేపథ్యం. 2004 మే 1న ఒకేసారి పది దేశాలు ఈయూలో చేరాయి, దాంతో దాని సరిహద్దు ఉక్రెయిన్, బెలారస్ దాకా జరిగింది. కొత్తగా ఇరుగుపొరుగు అయినవాళ్లతో ఎలా ఉండాలి అన్న ప్రశ్నకి జవాబుగా ‘పొరుగు విధానం’ వచ్చింది. అందులో మొత్తం 16 దేశాలు: తూర్పున ఉక్రెయిన్, మాల్డోవా, జార్జియా, ఆర్మేనియా, అజర్‌బైజాన్, బెలారస్, దక్షిణాన మొరాకో నుంచి సిరియా వరకు మధ్యధరా చుట్టూ ఉన్న పది. ఈయూ పాలన నడిపే కమిషన్‌కి అప్పటి అధ్యక్షుడు రొమానో ప్రోడి 2002లోనే ఈయూ సంస్థలు తప్ప మిగతావన్నీ పంచుకుందాం అన్నాడు. మన భాషలో చెప్పాలంటే అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ, ఫలహారం అన్నీ పెడతాం, గడప మాత్రం దాటొద్దు అని. మొరాకో అయితే 1987లోనే సభ్యత్వానికి అర్జీ పెట్టుకుంది, ఐరోపా దేశం కాదు పొమ్మన్నారు. ఉక్రెయిన్, మాల్డోవాలకి మాత్రం యుద్ధం మొదలైన నాలుగు నెలల్లోనే, 2022 జూన్‌లో, అభ్యర్థి హోదా ఇచ్చేశారు. ఈ తేడా ఎందుకు అని మీకు బుర్ర దొలిచేస్తుంటే ఈ చదువు మీకు సరిపోతుంది, లేకపోతే మామూలు ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదవండి, హాయిగా ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. టాపిక్ చిన్నది చేసుకోవాలి, ఎంత చిన్నదంటే మీకే సిగ్గేసేంత. నా మొదటి ప్రపోజల్ టైటిల్ ‘ఈయూ, పొరుగు దేశాలు: సవాళ్లు, అవకాశాలు’. గైడ్ చూసి, పదహారు దేశాల్లో నువ్వు ఎన్నింటి రాజధానులు చెప్పగలవు అని అడిగింది, తొమ్మిది దగ్గర ఆగిపోయాను. ఆ రోజు పరువు పోయింది కానీ పని నేర్చుకున్నాను.

ఒక ఉదాహరణతో చెప్తాను. ఆర్మేనియాని తీసుకోండి. 2013 జూలైలో ఈయూతో అసోసియేషన్ ఒప్పందం (సభ్యత్వం లేకుండా వాణిజ్యం, చట్టాల్లో ఈయూకి దగ్గరయ్యే ఒప్పందం) మీద చర్చలు ముగించింది, సెప్టెంబర్‌లో ఆ దేశ అధ్యక్షుడు మాస్కో వెళ్లి రష్యా నడిపే కస్టమ్స్ యూనియన్‌లో (బయటి సరుకు మీద అందరూ ఒకే సుంకం వేసే కూటమి) చేరతామని ప్రకటించాడు, దాంతో ఒప్పందం అటకెక్కింది. తర్వాత 2017 నవంబర్‌లో అదే ఆర్మేనియా ఈయూతో ఇంకో ఒప్పందం మీద సంతకం పెట్టింది. ‘ఆర్మేనియా, ఈయూ సంబంధాలు’ అంటే అది టాపిక్ కాదు, సముద్రం. ‘2013లో ఎందుకు వెనక్కి తగ్గింది’ అంటే కొంచెం నయం, కానీ రష్యా ఒత్తిడి అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ‘2013లో వదిలేసిన ఒప్పందంలో ఏ భాగాలు 2017 ఒప్పందంలో బతికాయి, ఏవి పోయాయి, ఎందుకు’ అని అడిగితే అప్పుడు పని మొదలవుతుంది. సుంకాల భాగం పోయింది, ఎందుకంటే అప్పటికి ఆ దేశం రష్యాతో కలిసి యూరేషియా ఆర్థిక సంఘంలో ఉంది, సుంకాలు తనంతట తాను తగ్గించుకునే వీలు లేదు. మరి మిగతావి ఎందుకు నిలిచాయి? ఇక్కడ మీకు థీసిస్ దొరుకుతుంది.

దీనికోసం వ్యాసాల కంటే ముందు ఒప్పందమే చదవండి. ఈయూ చట్టాలు, ఒప్పందాలు అన్నీ యూర్‌లెక్స్ అనే సైట్‌లో ఉచితంగా ఉంటాయి. ఉక్రెయిన్ ఒప్పందం 2000 పేజీలు దాటుతుంది కానీ భయపడకండి, ఎక్కువ భాగం అనుబంధాలే. ముందు పీఠిక చదవండి, అందులో సభ్యత్వం గురించి ఏం రాశారో, ఏం రాయకుండా తప్పించుకున్నారో చూడండి. తర్వాత మీ ప్రశ్నకి సంబంధించిన అధ్యాయం. ఆ తర్వాతే పండితులు ఏమన్నారో చూడాలి, లేకపోతే వాళ్ల కళ్లజోడు పెట్టుకునే చదువుతారు. ఇంకో మాట, బ్రస్సెల్స్‌లోని ఈయూ ఆఫీసుల కాగితాలు మాత్రమే చదివితే థీసిస్ ఈయూ కరపత్రంలా తయారవుతుంది. అవతలి దేశం పార్లమెంటు చర్చలు, అక్కడి పత్రికలు చూడాలి.

అంటే భాష కావాలి. మొరాకో, ట్యునీషియా వైపు వెళ్తే ఫ్రెంచ్ చాలావరకు గట్టెక్కిస్తుంది, అరబిక్ వస్తే ఇంకా మంచిది. తూర్పు వైపు రష్యన్ ఇప్పటికీ పనికొస్తుంది, అయితే ఉక్రెయిన్ మీద పనిచేస్తూ రష్యన్ ఒక్కటే నమ్ముకుంటే సగం కనపడదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) పక్కనే ఉంది, ఫ్రెంచ్, రష్యన్, అరబిక్ మూడూ నేర్పుతారు. డిగ్రీ రెండో ఏడాదిలో మొదలుపెడితే పీజీకి వెళ్లేసరికి పేపర్ చదవగలుగుతారు.

ఎక్కడ చదవాలి అంటే, ఇక్కడే కావాలంటే జేఎన్‌యూలో యూరోపియన్ స్టడీస్ సెంటర్ ఉంది, పీజీ ప్రవేశం సీయూఈటీ పరీక్ష ద్వారా. బయటికి వెళ్లేవాళ్లకి నేను మొదట చెప్పేది ఎరాస్మస్ ముండుస్, అంటే ఈయూ డబ్బుతో కొన్ని యూనివర్సిటీలు కలిసి నడిపే పీజీ కోర్సులు. ఎక్కువగా రెండేళ్లు, రెండు మూడు దేశాల్లో చదువు, స్కాలర్‌షిప్ వస్తే ఫీజు వాళ్లదే, పైగా నెలకి 1400 యూరోలు. తూర్పు ఐరోపా, యురేషియా మీద గ్లాస్గో యూనివర్సిటీ నడిపించిన కోర్సు ఇలాంటిదే. కాలేజ్ ఆఫ్ యూరప్‌కి వార్సాలో ఉన్న నతోలిన్ క్యాంపస్ ఈ సబ్జెక్టుకి పేరున్న చోటు, కానీ ఫీజు ఎక్కువ, ఫ్రెంచ్ కూడా వస్తే మంచిది. ఏజెంటు మాట విని ఏ కోర్సులోనో చేరకండి, సిలబస్‌లో పొరుగు దేశాల పేరుతో కనీసం రెండు పేపర్లు ఉన్నాయా, వాటిని చెప్పేవాళ్లు ఏం రాశారు అన్నది మీరే చూసుకోండి.

ఎస్‌ఓపీలో (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే పత్రం) ‘చిన్నప్పటి నుంచి నాకు అంతర్జాతీయ వ్యవహారాలంటే ఇష్టం’ అని రాయకండి, నేను రాశాను, రిజెక్ట్ అయ్యాను. రెండోసారి పైన చెప్పినలాంటి ఒక్క ప్రశ్న పెట్టి, దానికి నేను ఇప్పటికే ఏం చదివానో, ఎక్కడ ఆగిపోయానో రాశాను. అది పనిచేసింది.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. ఈయూ సంస్థల్లో పర్మనెంట్ ఉద్యోగానికి సభ్య దేశం పౌరసత్వం ఉండాలి, కాబట్టి ఆ ఆశతో అప్పు చేయకండి. కమిషన్ ఇచ్చే ఐదు నెలల ట్రైనీషిప్‌కి మాత్రం బయటి దేశాలవాళ్లని కూడా కొద్దిమందిని తీసుకుంటారు. మిగిలినవి థింక్‌ట్యాంకులు, జర్నలిజం, టీచింగ్, ఢిల్లీలో రాయబార కార్యాలయాల లోకల్ పోస్టులు. ఇంట్లో అడిగితే ఈ లిస్టు చెప్పి చూడండి, మా నాన్న ‘బ్యాంక్ కోచింగ్ కూడా తీసుకో’ అన్నాడు.

ఎరాస్మస్ కోర్సుల అప్లికేషన్లు సాధారణంగా అక్టోబర్ నుంచి జనవరి మధ్యలో ఉంటాయి, క్లాసులు ఆ తర్వాతి సెప్టెంబర్‌లో. రెకమెండేషన్ ఇచ్చే సార్‌కి దసరా సెలవులకి ముందే చెప్పండి, మీ ప్రశ్న ఒక పేజీలో రాసి చేతిలో పెట్టండి, లేకపోతే ‘మంచి విద్యార్థి, క్రమశిక్షణ ఉంది’ అన్న అదే లెటర్ మీకూ ఇస్తారు.