చట్టం మార్చమని వినతిపత్రం ఇవ్వడం ఎలా?

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. తెల్ల కాగితాలు, పెన్ను, జిరాక్సుకు కాస్త చిల్లర, తోడు వచ్చే నలుగురు చాలు. పద్దెనిమిది నిండకపోయినా ఇవ్వొచ్చు. బ్యానర్లు, టీషర్టులు వద్దు. గ్రూపుకు పేరు పెట్టడంతోనే ఊపంతా అయిపోయిన జట్లను చాలానే చూశాను.

సమస్య ఒక్కటే ఎంచుకోండి. దానివల్ల ఇబ్బంది పడుతున్నవాళ్లతో మాట్లాడి రాసుకోండి. ఇది ఒక సాయంత్రం పని.

ఇక అసలు పని. మీరు మార్చాలంటున్నది ఏ కాగితంలో ఉంది? దాన్ని మార్చే అధికారం ఎవరిది? ఎక్కువమంది చతికిలబడేది ఇక్కడే. చాలాసార్లు మనకు అడ్డుపడేది చట్టం కాదు, దాని కింద చేసిన నిబంధనో, ఏదో జీవోనో అయి ఉంటుంది. చట్టం మారాలంటే శాసనసభో పార్లమెంటో కావాలి. జీవోకు సచివాలయంలో ఆ శాఖ చాలు.

హెల్మెట్ చలానానే తీసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988 నాటి కేంద్ర చట్టం, 2019లో సవరించి జరిమానాలు పెంచారు. కానీ కోర్టుదాకా పోకుండా తేల్చుకోవడానికి ఎంత కట్టాలో 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఆ మొత్తం తగ్గించమనడానికి ఢిల్లీ ఎందుకు? అదే, ఎమ్మెల్యేగా పోటీకి 25 ఏళ్లు ఎందుకు, 21 చాలదా అంటారా, అది రాజ్యాంగం 173వ అధికరణ. కార్పొరేటర్‌కు ఇచ్చి ఫొటో దిగితే ఏమొస్తుంది? ఎంపీని పట్టుకోండి. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది కూడా రాజ్యాంగాన్ని 61వసారి సవరించాకే, 1989లో.

మన హైదరాబాద్ సంగతి ఇంకోటి. ఊరేగింపుల మీద ఆంక్షలు పెట్టే ఉత్తర్వుల్లో హైదరాబాద్ సిటీ పోలీసు చట్టం, 1348 ఫసలీ అని కనిపిస్తుంది. నిజాం కాలంది, ఫసలీ అప్పటి క్యాలెండర్ లెక్క. పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోవి కాబట్టి దీనికి మీ ఎమ్మెల్యే సరిపోతారు.

చట్టాన్ని మీ కళ్లతో చదవండి. ఇండియా కోడ్ వెబ్‌సైట్లో ఉచితంగా ఉంటుంది. వాట్సాప్ సారాంశాలు, యూట్యూబ్ లాయర్లు వద్దే వద్దు. నిర్వచనాల సెక్షన్ ముందు చూడండి, సగం అనుమానాలు అక్కడే తీరతాయి. సవరణలు కలిపిన ప్రతేనా అన్నది కూడా చూసుకోండి. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంటే, ఇప్పటికీ ఐపీసీ సెక్షన్లు మార్చమని రాసుకొచ్చేవాళ్లున్నారు! జీవో దొరక్కపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

తర్వాత, ఇప్పుడున్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసి, దాని కింద మీరు కోరే వాక్యం రాయండి. ‘యువతకు న్యాయం చేయాలి’ అని రాస్తే చదివిన అధికారి ఏం చేయాలి? దేన్ని తీసేయాలో, ఏది చేర్చాలో చెప్పకపోతే ఆ కాగితం ఫైల్లోకి పోయి అక్కడే ఉంటుంది.

వినతిపత్రం ఒక్క పేజీ, తెలుగులో, చేత్తో రాసింది. ప్రింటు తీయొద్దు, పీఏ బల్ల మీద కట్టలో కలిసిపోతుంది. ఆన్‌లైన్ సంతకాల జోలికి పోకండి. వేలమంది నొక్కిన లింకు కన్నా నియోజకవర్గం ఓటర్లు ఇరవైమంది పేరు, డివిజన్‌తో పెట్టిన సంతకాలకే ఎమ్మెల్యే ఆఫీసులో విలువ. ప్రజావాణికీ వద్దు. పింఛన్లు, భూమి గొడవల అర్జీల మధ్య మీ సెక్షన్ ఎవరికి పడుతుంది?

నేరుగా ఆఫీసులో ఇచ్చి, మీ జిరాక్సు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేకపోతే ఇవ్వనట్టే. శాసనసభ సమావేశాలు మొదలయ్యాక కాదు, కొన్ని వారాల ముందే ఇవ్వాలి. సభలో దీన్ని ప్రశ్నగా వేయమని అడగండి.

ప్రభుత్వమే ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగితే మాత్రం వేరే పనులన్నీ ఆపేయండి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో గిగ్ వర్కర్ల (యాప్‌ల ద్వారా డెలివరీ, క్యాబ్ పనులు చేసేవాళ్ల) బిల్లు ముసాయిదాను అలాగే పెట్టారు. అలాంటప్పుడు గడువు రోజుల్లోనే ఉంటుంది, క్లాజు నంబరు వేసి ఒక్కో దానికి విడిగా రాసి పంపాలి. కింద ఒకే ఫోన్ నంబరు ఇవ్వండి, ఎప్పుడు చేసినా ఎత్తేవాళ్లది.