ఇంట్లో కరెంటు ఎక్కడ ఎంత ఖర్చవుతోందో చూసే ఆడిట్‌కు మనిషిని పిలిచే ముందు

• పన్నెండు నెలల బిల్లులు తీసిపెట్టండి. మే బిల్లు ఒక్కటే చూపిస్తే ఏసీ సంగతే తెలుస్తుంది. గీజరు బండారం డిసెంబరు బిల్లులో ఉంటుంది.

• ఉచితమంటూ వచ్చే సోలార్ అమ్మకందారు ఆడిటర్ కాడు. బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) సర్టిఫికెట్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి.

• స్టార్ లేబుల్ మీది సంవత్సరం చూడండి. పాత ఐదు స్టార్లు ఇప్పటి ఐదు స్టార్లకు సాటిరావు.

• ముందురోజు రాత్రి అన్నీ ఆపి మీటరు దగ్గరికెళ్లండి. మీటరు మీది చిన్న లైటు ఇంకా మినుకుమంటుంటే ఏదో కరెంటు తాగుతున్నట్టే. మా కూకట్‌పల్లి ఫ్లాటులో దొరికిన దొంగ ఇన్వర్టర్. మెయిన్ ఆపినా మెరిస్తే మాత్రం ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి.

• మీటరు సీలు ఎవరినీ ముట్టనివ్వకండి.

• మీది పై అంతస్తయితే ఆడిటర్‌ను మధ్యాహ్నం మూడింటికి రమ్మనండి. స్లాబు వేడి పొద్దున్నే ఏం తెలుస్తుంది?